మొదటి సర్‌ప్లస్ రైఫిల్ కొనాలంటే ముందు తూటా సంగతి చూడు

మా బావమరిది టెక్సాస్‌లో ఉంటాడు. పోయిన ఏడాది గ్రీన్ కార్డు వచ్చింది, వచ్చిన నెలలోపే ఫోన్ చేసి బావా నాకొక సర్‌ప్లస్ రైఫిల్, అదే సైన్యం వాడి అమ్మేసిన పాత మిలిటరీ రైఫిల్ కొనుక్కోవాలనుంది, ఎక్కువ డబ్బు పెట్టలేను, ఏది తీసుకోమంటావు అన్నాడు. నన్నే ఎందుకు అడిగాడంటే మా పెదనాన్న అనంతపురంలో ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్‌గా చేశాడు, ఆయన భుజాన త్రీ నాట్ త్రీ, అంటే .303 తూటా కాల్చే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్, చూస్తూ పెరిగినవాణ్ని నేను, అప్పట్నుంచి ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి తోయాల్సిన ఆ పాత రైఫిళ్ళ గురించి ఏది కనపడినా చదువుతానని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇక్కడ బెంగళూరులో కూర్చుని నేను అలాంటిది కొనలేను. మన దగ్గర త్రీ నాట్ త్రీ ప్రొహిబిటెడ్ బోర్, మామూలు జనానికి లైసెన్సు రాదు, అందుకే ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్ళు అదే లీ ఎన్‌ఫీల్డ్ బోల్ట్ పద్ధతిలో .315 స్పోర్టింగ్ రైఫిల్ అని వేరే తూటాకి చేసి అమ్ముతూ వచ్చారు. అదీ లైసెన్సు ఉంటేనే, పైగా 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే. వాడికి అక్కడ దారి ఉంది. అయినా హెచ్‌వన్‌బీ మీద ఉన్నప్పుడు అడిగుంటే వద్దనే చెప్పేవాణ్ని, ఎందుకంటే అలాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పెట్టుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. గ్రీన్ కార్డు ఉంటే ఆ అడ్డు లేదు, షాపులో 4473 ఫారం నింపితే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి ఇస్తారు.

వాడు మొదట అడిగింది మోసిన్ నాగాంత్, రష్యా వాళ్ళ పాత మిలిటరీ రైఫిల్. ఏవో పాత వీడియోలు చూశాడు, అందులో వంద డాలర్ల లోపే పెట్టెల కొద్దీ దొరుకుతున్నాయి. ఆ రోజులు పోయాయిరా అన్నాను, ఇప్పుడు ఆ ధరకి ఎవరూ ఇవ్వరు. పైగా మోసిన్ చవకగా ఉన్నప్పుడు దాని తూటా కూడా చవక, సోవియట్ కాలపు సర్‌ప్లస్ తూటాలు రేకు డబ్బాల్లో వచ్చేవి, 2021లో రష్యా తూటాల దిగుమతి మీద అమెరికా ఆంక్షలు పెట్టింది, దాంతో ఆ లెక్క మారిపోయింది. రైఫిల్ ఒక్కసారి కొంటావు, తూటాలు రేంజికి పోయిన ప్రతిసారీ కొంటావు. ఇరవై తూటాల పెట్టెలు రెండో మూడో ఒక్క పూటలో ఖాళీ అవుతాయి. అందుకని ముందు తూటా ఏది సులువుగా దొరుకుతుందో చూసుకో, ఆ తర్వాతే ఏ రైఫిల్ అన్నది, ఇదే నేను వాడికి మొదటి రోజు నుంచీ చెప్తున్నది.

ఇలా చూస్తే చవక అనిపించేవి కొన్ని పక్కకి పోతాయి. ఆస్ట్రియా వాళ్ళ స్టెయర్ ఎం95 ఉంది, బోల్ట్ తిప్పనక్కర్లేదు, వెనక్కి లాగి ముందుకి తోస్తే చాలు, చూడటానికి భలే ఉంటుంది, కానీ దాని 8×56 తూటా వెతుక్కోవాలి, ఐదు తూటాల్ని కలిపి పట్టుకునే రేకు క్లిప్ లేకపోతే మ్యాగజైనే పనిచేయదు. ఇటలీ కార్కానోకీ ఇదే బాధ, దానికి ఆరు తూటాల క్లిప్. ఫ్రెంచి మాస్ 36 గట్టి రైఫిల్, సేఫ్టీ ఉండదు, తూటా ఫ్రాన్స్ వాళ్ళదే. వీటన్నిటికీ సెర్బియాలో ప్రివి పార్టిజాన్ వాళ్ళు కొత్త తూటాలు చేస్తున్నారు కాబట్టి అసలు దొరకవని కాదు, కానీ మొదటి రైఫిల్‌కి ఇంత వెతుకులాట వద్దు. స్విస్ కె31 అయితే నాకు చాలా ఇష్టం, భుజానికి ఆనే చివర ఉండే బట్ ప్లేట్ విప్పితే కింద ఆ సిపాయి పేరు రాసిన చీటీ ఒక్కోసారి ఇప్పటికీ ఉంటుంది. అది వాడి బడ్జెట్ దాటిపోయింది. అమెరికా సైన్యం పాత రైఫిల్ ఎం1 గారండ్‌ని సీఎంపీ అనే సంస్థ అమ్ముతుంది, అక్కడ తీసుకుంటానన్నాడు, అక్కడ అమెరికా పౌరులకే అమ్ముతారు, గ్రీన్ కార్డు సరిపోదు.

మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్‌లో ఒక సుబేదార్ గారుంటారు, ప్రకాశం జిల్లా, వయసు ఎనభైకి దగ్గర, అల్సూరు చెరువు పక్కన మద్రాస్ సాపర్స్ అనే ఆర్మీ ఇంజనీర్ల దళం సెంటర్లోనే రిక్రూట్‌గా చేరి త్రీ నాట్ త్రీ మీద ట్రైనింగ్ అయ్యారు. సాయంత్రం పార్కులో ఈ విషయం చెప్తే ఆయన ధర అడగలేదు, రైఫిల్ పేరు కూడా అడగలేదు, "బ్యారెల్ లోపల చూశాడా బాబూ" అన్నారు. అప్పట్లో కాల్చిన రోజే బ్యారెల్‌లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళట, తర్వాత ఫుల్‌త్రూకి, అంటే బ్యారెల్ లోపలినుంచి లాగే తాడుకి, చిందీ గుడ్డ కట్టి లాగి, ఆరాక నూనె. ఎందుకంటే పాత తూటాల వెనక మందు అంటించే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది, కాలాక అది ఉప్పుగా మారి బ్యారెల్‌లో మిగులుతుంది, ఆ ఉప్పు గాల్లో తేమని లాగి తుప్పు పట్టిస్తుంది. నూనెకి ఉప్పు కరగదు, నీళ్ళకే కరుగుతుంది. సర్‌ప్లస్ తూటా కాల్చేవాళ్ళు ఇది మానేస్తే కొన్ని రోజుల్లోనే బ్యారెల్ పాడవుతుంది. ఇంకో మాట చెప్పారు, ఫుల్‌త్రూ తాడు మజిల్ దగ్గర, అంటే తూటా బయటికొచ్చే బ్యారెల్ మూతి దగ్గర, వంకరగా లాగితే ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ వీపు మీద ఒకటి వేసేవాడట, ఆ తాడు రాపిడికి మజిల్ ఒక పక్క అరిగిపోతుంది, తర్వాత ఎంత గురి చూసినా తూటా పక్కకే పోతుంది.

చివరికి నేను వాడికి చెప్పింది ఇషాపూర్ 2ఏ1. 1962 చైనా యుద్ధం తర్వాత మన వాళ్ళకి రైఫిళ్ళు చాలలేదు, అప్పుడు బెంగాల్లో ఇషాపూర్ ఫ్యాక్టరీలో పాత లీ ఎన్‌ఫీల్డ్ డిజైన్‌నే ఇంకా గట్టి ఉక్కుతో 7.62 నాటో తూటాకి మార్చి చేశారు. మొదట వచ్చిన 2ఏ కి గురి చూసే సైట్ 2000 మీటర్ల దాకా ఉండేది, 2ఏ1 కి 800 చేశారు. అవే తర్వాత సర్‌ప్లస్‌గా అమెరికా పోయాయి. 7.62 నాటో అక్కడ ఎక్కడైనా దొరుకుతుంది, తూటా వెతుక్కునే పనే లేదు. పెట్టె మీద 7.62 నాటో అని ఉన్నదే వాడమన్నాను, దాదాపు అదే కొలతలో వేటకి చేసే ఎక్కువ ప్రెజర్ .308 తూటా దాంట్లో పెట్టొద్దు.

చూడాల్సినవి కూడా చెప్పాను. బ్యారెల్ కోసి జంగిల్ కార్బైన్ అనే పొట్టి రైఫిల్ లాగా మార్చినవి వద్దు. డీపీ అని గుర్తుంటే అది డ్రిల్లుకి వాడింది, కాల్చకూడదు. బ్యారెల్ చుట్టూ తీగ చుట్టి ఉంటే గ్రెనేడ్ కాల్చడానికి వాడినది, అదీ వదిలేయ్. బోల్ట్ మీద నంబరు, బాడీ మీద నంబరు ఒకటేనా చూడు, వేరైతే గన్‌స్మిత్ దగ్గర హెడ్‌స్పేస్ గేజ్, అంటే బోల్ట్ మూసినప్పుడు తూటా వెనక సందు కొలిచే దిమ్మ, పెట్టించకుండా ఒక్క తూటా కూడా వద్దు. ఆ గేజుల్లో నో గో అనేదాని మీద బోల్ట్ మూసుకుంటే తూటా వెనక సందు ఎక్కువుందని అర్థం, అక్కడ ముఖం పెట్టుకుని కాల్చేది నువ్వే కదా. కట్టె మీద గీతలు, మరకలు ఉంటే ఏం పర్లేదు, పగులు ఉండకూడదు.

పోయిన వారం ఫోటోలు పంపాడు. బోల్ట్ వెనక బట్ సాకెట్ మీద మన సింహాలు, ఆర్‌ఎఫ్‌ఐ అంటే రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్, 2ఏ1, 1968. పెదనాన్న ఉంటే చూపించేవాణ్నే. పైకెళ్ళి సుబేదార్ గారికి చూపించాను, ఆయన ఫోన్ పక్కన పెట్టేసి గాల్లోనే కుడి చెయ్యి పైకెత్తి వెనక్కి లాగి ముందుకి తోసి కిందికి దించారు, రెండుసార్లు. తర్వాత మళ్ళీ ఫోన్ తీసుకుని ఫోటోలన్నీ ఒక్కొక్కటే జరిపి చూసి, "అన్నీ పంపాడు గానీ మజిల్ ఫోటో ఏదీ" అన్నారు. నిజమే, అదొక్కటే లేదు. టార్చి వేసి నేరుగా ముందు నుంచి తీసి పంపమని వాడికి మెసేజ్ పెట్టాను, అది వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దని కూడా.