బోర్డు చూసి కాదు, పోగు లాగి చూసి

హైటెక్ సిటీ దాకా మెట్రో హాయిగా తెచ్చి దింపింది. అక్కణ్నుంచి మార్కెట్ దాకా ఆ కాస్త దూరానికి ఆటోవాళ్లు అడిగిన రేటు విని నడకే నయమనుకున్నాను. తీరా వెళ్తే ఈ వారాంతపు బొటీక్ మార్కెట్‌కి ఎంట్రీ టికెట్ కూడానట. లోపల ఏ స్టాల్ చూసినా ‘హ్యాండ్‌మేడ్’ బోర్డే.

“డబుల్ ఇక్కత్ మేడం, పోచంపల్లిది” అంటూ ఒక కుర్రాడు దుపట్టా పరిచాడు. తిప్పి చూస్తే వెనక వైపు రంగు పాలిపోయి ఉంది. ఇక్కత్‌లో నూలుకు ముందే కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గమెక్కిస్తారు. అందుకే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. ఈ మధ్య వెనక్కి కూడా దిగేలా ప్రింటు కొడుతున్నారు కాబట్టి అది చూసి ఊరుకుంటే చాలదు. అంచు దగ్గర ఒక్క పోగు లాగాలి. ప్రింటయితే ఆ పోగు పొడవునా సన్నటి తెల్ల మచ్చలు వరసగా కనిపిస్తాయి. అడ్డపోగు కింద దాక్కున్న చోట రంగు అందదు మరి. అసలు ఇక్కత్ పోగుకు రంగు చుట్టూ పట్టి ఉంటుంది. డిజైను అంచులు కూడా చూడాలి. పేకకు, అంటే అడ్డపోగులకు మాత్రమే కట్లు కడితే అడ్డంగా చెదురుతాయి, పడుగుకు, అంటే నిలువు పోగులకు కడితే నిలువుగా. రెండింటికీ కట్టే డబుల్‌లో అడ్డంగానూ నిలువుగానూ. కత్తితో కోసినట్టు నీటుగా ఉందంటే అనుమానించాల్సిందే. పోగు లాగమన్నానో లేదో, కుర్రాడు దుపట్టా మడతపెట్టేశాడు.

కలంకారీ దగ్గర ఇంత గొడవ లేదు. చెక్క అచ్చులతో అద్దే పెడన పనిలో ఒక అచ్చు పక్కన ఇంకోటి పడ్డ చోట వెంట్రుకవాసి తేడా దొరుకుతుంది. అసలెక్కడా తేడా లేకపోతే అది స్క్రీన్ ప్రింటు. చేత్తో గీసే శ్రీకాళహస్తి పనిలో కలం తడి తగ్గేకొద్దీ గీత సన్నబడుతుంది. ఉతకని గుడ్డయితే వాసన చూడండి. రంగు పాకకుండా కరక్కాయ, పాలు కలిపి పట్టిస్తారు కాబట్టి ఆ వాసన కొన్నాళ్లు వదలదు.

చివరి వరసలో ఏటికొప్పాక బొమ్మలు. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ నొక్కితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. బొమ్మ గాడుల్లో రంగు గడ్డకట్టి, కుంచె గీతలు తేలితే అది మామూలు పెయింటు. ఇంటికి తెచ్చాక శానిటైజర్‌తో తుడవకండి, స్పిరిట్‌కి లక్క కరుగుతుంది. ఎండలో ఆపిన కారులో వదిలేసినా మెత్తబడి కాగితం అతుక్కుపోతుంది.

ధరలంటారా, ఒక స్టాల్‌లో ఒక్కటి వచ్చే డబ్బుకి రెండు వరసల అవతల రెండొస్తాయి. చేసినవాళ్లే కూర్చున్న చోట “ఈ రంగు దేంతో వచ్చిందన్నా?” అంటే దినుసు పేరు చెప్తారు, పట్టిన రోజులు చెప్తారు. కొని అమ్మేవాళ్లు “నేచురల్” అనేసి ఊరుకుంటారు. పెద్దవి కొనేదుంటే ఆఖరి రోజు సాయంత్రం వెళ్లండి, మూటలు కట్టి వెనక్కి మోసుకెళ్లడం ఇష్టంలేక తగ్గిస్తారు. మంచి రంగులు కావాలంటే మాత్రం తొలిరోజు పొద్దున్నే. షెడ్డులో సిగ్నల్ అందక యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, కాస్త నగదు పెట్టుకోండి.