ఎకరాకు ఎంత, క్వింటాకు ఎంత: అనంతపురం నుంచి జార్జియా దాకా వేరుశనగ లెక్కలు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక ఎకరా వేరుశనగ పండించడానికి, యంత్రాల అరుగుదలను కూడా కలుపుకుంటే, వెయ్యి డాలర్లకు కొంచెం అటూ ఇటూ ఖర్చవుతుంది. డాలరు 84 రూపాయలనుకుంటే అది 84 వేలు. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు ఎర్రనేలలో వానాధారపు పంటకు మనం పెట్టేది, ఇంటివాళ్ళ కష్టానికి కూలి కట్టుకున్నా, అందులో మూడో వంతు దాటదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి మన సాగు ఎంత చవకో చూడండని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు చెప్పని సంగతి ఏమిటంటే, అక్కడ ఎకరాకు 18 క్వింటాళ్ళ కాయ దిగుతుంది, ఇక్కడ నీటి వసతి లేని చేలో నాలుగు క్వింటాళ్ళు దిగితే ఆ ఏడాది బాగున్నట్టే. భాగించి చూస్తే జార్జియా రైతుకు క్వింటా 4,700 రూపాయల దగ్గర తేలుతుంది. ఎకరాకు 25 వేలు పెట్టి నాలుగు క్వింటాళ్ళు తీసిన మనకు 6,250 పడుతుంది. రెండే వస్తే 12,500. ఎప్పుడో ఒక ఏడాది కాలం కలిసివచ్చి ఎనిమిది వస్తే 3,125, అంటే జార్జియా కన్నా చవక. చేను అదే, మనిషి అదే, పెట్టుబడి అదే. మారింది వాన ఒక్కటే.

దేశాల మధ్య సాగు ఖర్చులను పోల్చే పట్టికల్లో నాకు తృప్తినివ్వని చోటు ఇదే. ఒక్కో దేశానికి ఒక్కో అంకె వేస్తారు. జార్జియాకు ఒక అంకె సరిపోతుంది, ఎందుకంటే అక్కడ సుమారు సగం పంటకు నీటి వసతి ఉంది, మిగతా సగానికి ఏడాదికి 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఏటా 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేకుండా కురిసే అనంతపురానికి ఒక్క అంకె సరిపోదు.

ధర సంగతికి వస్తే చాలామంది అనుకునేదానికి విరుద్ధంగా ఉంటుంది. అమెరికా 2014 వ్యవసాయ చట్టం వేరుశనగకు టన్నుకు 535 డాలర్ల ఆధార ధర పెట్టింది. వాళ్ళ టన్ను 907 కిలోలే కనుక మన లెక్కలో అది క్వింటాకు ఐదు వేల రూపాయల లోపే. 2025లో దాన్ని 630 డాలర్లకు పెంచారు, అయినా క్వింటాకు 5,800 చిల్లర మాత్రమే. మన మద్దతు ధర 2024-25లో 6,783 రూపాయలు, 2025-26లో 7,263. కాగితం మీద మన రైతుకే ఎక్కువ ధర. కాగితం మీద అని ఎందుకంటున్నానంటే, మనకు ఆ ధర దక్కాలంటే సమయానికి కొనుగోలు కేంద్రం తెరవాలి, కాయలో తేమ వాళ్ళు చెప్పిన మేరకే ఉండాలి, సొమ్ము వచ్చేదాకా ఆగగలగాలి. అక్కడ మార్కెట్ ధర ఆధార ధర కన్నా పడిపోతే తేడా సొమ్ము ప్రభుత్వమే ఇస్తుంది, అదీ ఈ ఏడు వేసిన ఎకరాలను బట్టి కాక పాత రికార్డుల్లో నమోదైన ఎకరాలను బట్టి.

ఇక ఖర్చు అంటే ఏమేమి కలపాలన్నది మరో చిక్కు. మన దేశంలో 1970-71 నుంచి ప్రధాన పంటల సాగు ఖర్చును ఎంపిక చేసిన రైతుల ఇళ్ళ నుంచి ఏడాది పొడుగునా సేకరించే పథకం నడుస్తోంది. ఆ సమాచారం మీద, మద్దతు ధరలు సిఫారసు చేసే కేంద్ర ధరల సంఘం మూడు రకాల లెక్కలు కడుతుంది. చేతినుంచి పెట్టిన ఖర్చు ఏ2. దానికి ఇంటివాళ్ళ శ్రమ విలువ కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. మద్దతు ధర ఖర్చుకు ఒకటిన్నర రెట్లు అని 2018-19 బడ్జెట్ నుంచి చెబుతున్నది రెండో లెక్క మీద. అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించే ఖర్చుల పట్టికలో మాత్రం భూమి కౌలు, కూలి తీసుకోని ఇంటి శ్రమ రెండూ ఉంటాయి, అంటే అది మన సీ2కు దగ్గర. కాబట్టి మన మొదటి లెక్కను తీసుకువెళ్ళి వాళ్ళ పట్టిక పక్కన పెట్టడం తగదు. చైనా ప్రభుత్వం ఏటా ప్రచురించే ఖర్చుల సంకలనం కూడా ఇంటి శ్రమకు, భూమికి విలువ కడుతుంది. అందుకే గత దశాబ్దంలో మొక్కజొన్న, సోయా పంటలు ఆ లెక్కలో వరసగా కొన్నేళ్ళు నష్టం చూపించినా అక్కడి రైతులు వాటిని వేయడం మానలేదు. కట్టిన విలువకూ చేతిలో పడే డబ్బుకూ ఉన్న తేడా అది, మన ఇళ్ళల్లో అందరికీ తెలిసినదే.

అమెరికా లెక్కల్లోనే ఒక వింత ఉండేది. 2002 దాకా ఆ దేశంలో తినడానికి వాడే వేరుశనగను కోటా ఉన్నవాళ్ళే పూర్తి ధరకు అమ్ముకోగలిగేవారు. కోటా ఒకరి చేతిలో, సేద్యం మరొకరి చేతిలో ఉండడం మామూలే, కనుక సేద్యం చేసేవాడు కోటాకు అద్దె కట్టి దాన్ని ఖర్చులో రాసుకునేవాడు. ప్రభుత్వం పౌనుకు మొత్తం 55 సెంట్లు ఇచ్చి ఆ కోటాలను కొనేసింది. చెట్టు, నేల, ఎరువు ఏదీ మారకుండానే ఉత్పత్తి ఖర్చు తగ్గిపోయింది. అమెరికా అధ్యక్షుడిగా చేసిన జిమ్మీ కార్టర్ కుటుంబం వేరుశనగ వ్యాపారం చేసిన ప్లెయిన్స్ ఊరు కూడా జార్జియాలోనిదే. మనవాళ్ళలో కొందరికి జార్జియా గుర్తున్నది ఆ ఒక్క కారణంగానే.

జర్మనీలోని థ్యూనెన్ సంస్థ సమన్వయంతో నడిచే అగ్రి బెంచ్‌మార్క్ అనే బృందం పద్ధతి నాకు వీటన్నిటికన్నా నచ్చింది. వాళ్ళు దేశపు సగటును పట్టుకోరు. ఒక ప్రాంతంలోని రైతులను, సలహాదారులను కూర్చోబెట్టి, ఆ ప్రాంతానికి మాదిరిగా నిలిచే ఒక కమతాన్ని చర్చించి తయారుచేస్తారు: ఎంత పొలం, ఏ పంటల వరస, ఏ యంత్రాలు, ఎవరి శ్రమ, ఎంత ఖర్చు. ఆ మాదిరి కమతాలనే దేశదేశాల మధ్య పోలుస్తారు. ఆ పద్ధతిలో మా వైపు కమతం ఒకటి కట్టి చూద్దామని ఊళ్ళో నలుగురిని అడిగినప్పుడు, సేద్యంలో తల నెరిసిన ఒక పెద్దాయన అన్న మాట ఇది: "ఎకరాకు ఎంతవుతుందని అడుగుతావేమప్పా, ఏ యేటి ఎకరాకో చెప్పు ముందు." ఆ తర్వాత మేము కట్టిన లెక్కంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అన్నిటికన్నా ముందు విత్తనం సంగతి. జార్జియాలో సాళ్ళలో అడుగుకు ఆరు గింజలు పడేటట్టు వేస్తారు. ఎకరాకు సుమారు 60 కిలోల పప్పు. మన దగ్గరా ఎకరాకు పట్టేది 60 కిలోలకు అటూ ఇటూనే. 60 కిలోల పప్పు అంటే దాదాపు 85 కిలోల కాయ. అంటే అక్కడ ఒక పాలు నేలలో వేస్తే ఇరవై పాళ్ళు తిరిగి వస్తాయి, ఇక్కడ మంచి ఏడాదిలో నాలుగైదు, చెడ్డ ఏడాదిలో రెండు. నూటికి ఐదుకో పదికో పరిమితం కావలసిన విత్తన ఖర్చు మనకు రాయితీ లేకపోతే మొత్తం పెట్టుబడిలో మూడో వంతు దాకా వెళుతుంది. పైగా ఆ డబ్బు ఎప్పుడు నేలలోకి వెళుతుందో చూడండి. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో పదును వాన పడిన రెండు మూడు రోజుల్లోనే, తర్వాతి వాన ఎప్పుడో తెలియకముందే, గొర్రు కట్టాలి. మొలిచిన తర్వాత నెలరోజులు మేఘం తొంగిచూడకపోయినా ఆ ఖర్చును వెనక్కి తీసుకోలేము. జార్జియా రైతు ఖర్చులో పెద్ద భాగం పంట నిలదొక్కుకున్నాక పెట్టేది. ఆకుమచ్చ తెగులుకు విత్తిన నెల నుంచి రెండు వారాలకొకసారి చొప్పున ఏడు దాకా మందు పిచికారీలు, తవ్వి తిరగేసే యంత్రం, కాయ కోసే యంత్రం, ఆరబెట్టే బండ్లు. చేను బాగాలేకపోతే మందులో కొంత ఆదా చేసుకోవచ్చు. మనం ఆదా చేసుకోగలిగేది ఏమైనా ఉంటే అది కలుపు కూలి ఒక్కటే.

రకాల తేడా కూడా దిగుబడిలో దాగి ఉంది. అక్కడ ఎక్కువగా వేసే జార్జియా-06జి తీగ రకం, దానికి 140 రోజులు కావాలి. కదిరి పరిశోధన స్థానం ఇచ్చిన కె-6 వంటి గుత్తి రకాలు నూరు రోజులు దాటాక పీకడానికి వస్తాయి. ఆ 140 రోజుల చెట్టును తెచ్చి మన ఎర్రనేలలో వేస్తే ఊడలు, అంటే కాయగా మారే కాడలు, నేలలోకి దిగే వేళకు పదును ఉండదు. కాబట్టి మన దిగుబడి తక్కువ కావడానికి సేద్యం చేతకాకపోవడం కారణమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఊడలు దిగేటప్పుడు జిప్సం వేయడం వాళ్ళకూ మనకూ ఒకటే. తామర పురుగులు మోసుకువచ్చే వైరస్ తెగులు 1990లలో వాళ్ళ చేలను దెబ్బతీసింది. అటువంటిదే, వయ్యారిభామ మొక్కల్లో దాగి ఉండే మరో వైరస్, 2000లో అనంతపురం చేలను ఎండబెట్టింది.

కమతాలు చిన్నవి కావడమే మన జబ్బు అనేవాళ్ళకు చైనా సమాధానం చెబుతుంది. షాన్‌డాంగ్, హెనాన్ రాష్ట్రాల్లో కుటుంబానికి ఎకరన్నర ఉంటే మామూలే, అదీ ఊరి ఉమ్మడి భూమి మీద దీర్ఘకాలపు హక్కు. అయినా ఆ దేశంలో సగటున ఎకరాకు 15 క్వింటాళ్ళు వస్తుంది. నీరు, ఎత్తు బోదెలు, 1970ల చివర జపాన్ నుంచి నేర్చుకున్న ప్లాస్టిక్ పొర కప్పే పద్ధతి అందుకు తోడ్పడ్డాయి. ఆ పొర ముక్కలు ఇప్పుడు నేలలో పేరుకుపోయి వేరే సమస్య తెచ్చాయన్నది పక్కన పెడదాం. అర్జెంటీనా మరో చివర: పంటలో ఎక్కువ భాగం కొర్డోబా రాష్ట్రంలోనే, కౌలు పొలాల్లో, పెద్ద యంత్రాలతో, ఎగుమతి కోసమే. ఐరోపా సమాఖ్య నేరుగా తినే వేరుశనగలో బూజు వల్ల పుట్టే విషమైన అఫ్లటాక్సిన్‌ను నూరు కోట్ల భాగాల్లో నాలుగు భాగాలకు మించనివ్వదు కనుక వాళ్ళ ఖర్చులో ఆరబెట్టడం, ఏరివేయడం పెద్ద వంతు.

మన కమతపు లెక్కలో ఎక్కడా చోటు దొరకనిది బోరు. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం కనుక నీటి ఖర్చు పట్టికలో సున్నా కనిపిస్తుంది. వందల అడుగులు వేసినా నీళ్ళు పడని బోరు, ఒక ఏడు నీళ్ళిచ్చి మరుసటి ఏడు ఎండిన బోరు, ఇవి ఏ పంట ఖర్చు? పడిన బోరుకు అరుగుదల పదేళ్ళకు పంచి రాయవచ్చు. పడని బోరుకు పంట లేదు, కనుక పంట ఖర్చులో అది రానే రాదు, దాని అప్పు మాత్రం నూటికి రెండు రూపాయల వడ్డీతో నడుస్తూ ఉంటుంది. మా మాదిరి కమతంలో చివరకు మేము పడని బోర్లను కూడా కలిపి, ఊళ్ళో ఇప్పటికీ నీళ్ళిస్తున్న బోర్ల మీద పంచాము. నీటి సున్నా అక్కడితో పోయింది.

మరోవైపు ఆదాయంలో తప్పిపోయేది కట్టె, అంటే కాయ తీశాక పశువుల మేతకు మిగిలే ఎండు చెట్టు. జార్జియాలో చాలావరకు కాయ తీసిన తీగను చేలోనే వదిలేస్తారు. మన వైపు కాయ సరిగా పట్టని ఏడు వామి వేసిన కట్టె కోసమే పీకిస్తారు, ఎద్దులూ గొర్రెలూ వేసవి దాటేది దానితోనే. కాయ ఒక్కదాన్ని లెక్కించే పట్టికకు ఇంత నష్టంలోనూ ఈ రైతు మళ్ళీ ఎందుకు విత్తుతున్నాడో అర్థం కాదు. ఈ విషయంలో మనకు దగ్గరి చుట్టం జార్జియా కానే కాదు, పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్. కావొలాక్ చుట్టుపక్కల అదే చాలీచాలని వాన, సజ్జ తర్వాత వేరుశనగ, ఎద్దులకు బదులు గుర్రాలతో లాగించే గొర్రు, ఇంటిల్లిపాదీ చేసే పని, పశువుకు కట్టె. ఏటా సీజను మొదట్లో రైతుకు ఇచ్చే ధరను అక్కడి ప్రభుత్వం ప్రకటిస్తుంది. అనంతపురం వానాధారపు చేనుకు ఆ దేశంతో పోలిక పెట్టాలి; జార్జియాతో పోల్చవలసింది మన దగ్గర బోరు కింద రబీలో పండే వేరుశనగను.

బీమా విషయం కూడా ఖర్చు కిందికే వస్తుంది. అమెరికాలో ఒక్కో రైతు సొంత దిగుబడి చరిత్ర, నాలుగు నుంచి పదేళ్ళది, చూసి బీమా కడతారు. ప్రీమియంలో సగానికి పైగా ప్రభుత్వం భరిస్తుంది. దానితో కరువు అనేది ఆ రైతు పట్టికలో ఒక వరసగా, ఒక అంకెగా మారిపోతుంది. మన వేరుశనగకు వాతావరణ బీమాలో దూరాన ఉన్న వర్షమాపకం చెప్పినదే లెక్క. ఆ చోట పడిన జల్లు మన చేను మీద పడకపోయినా పడినట్టే. అందువల్ల ఇక్కడి కరువుకు పట్టికలో వరస ఉండదు. బ్యాంకులో కుదువ పెట్టిన నగలకూ, బెంగళూరులో కట్టడం పనులకు వెళ్ళిన పిల్లలు పంపే డబ్బుకూ అది ముక్కలు ముక్కలుగా చెదిరిపోయి ఉంటుంది. మా మాదిరి కమతంలో ఆ వరసను నేను ప్రస్తుతానికి నగల అప్పుకు కట్టిన వడ్డీతో నింపుతున్నాను, ఆ రశీదులు ప్రతి ఇంట్లోనూ తేదీలతో సహా దొరుకుతాయి కనుక.