ఏడు చేపల రెండో భాగం, కొత్త పిల్లలు

ఆదివారం, నల్లగొండ

పొద్దుగాల మంచు ఇడువకముందే హాలు తలుపులు తీసిండ్రు. ఇయ్యాల పని ఒక్కటే: ఏడు చేపల పాటల నాటకం రెండో భాగంల కొత్త పిల్లలకు పాత వరుసలు సరిపోయేటట్టు చేసుడు.

మొదటి భాగం అందరికీ ఎరుకైన కథే. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడ్తరు, ఒక్కటి ఎండదు. చేప గడ్డిమోపును చూపిస్తది, మోపు ఆవును చూపిస్తది, అట్ల అట్ల పోయి చీమ దగ్గర ఆగుతది. "నా బంగారు పుట్టల వేలు పెడితే కుట్టనా?" అన్న మాటతోని కథ అయిపోతది. రెండో భాగం ఆ మాట కాడనే షురూ అయితది. ఈసారి అడిగేది చీమ. పిల్లగాడు అవ్వ మీద చెప్తడు, అవ్వ పసులకాపరి మీద చెప్తది, కాపరి ఆవు మీద, ఆవు గడ్డి మీద. చెరువుల నీళ్లు లేకనే మొలువలేదని గడ్డి అంటది. ఆఖరుకు ఎండని చేపను తీస్కపోయి నీళ్లల్ల ఇడుస్తరు. మన పిల్లలకు చెరువంటే పానగల్లు ఉదయ సముద్రమే, అందుకే ఎనక పరదా మీద ఆ కట్టనే గీయించిండ్రు.

మొకాలు మారినప్పుడు చూసేటోళ్లు పాత్రను రెండింటితోని గుర్తుపడ్తరు: పాట వరుస, ఒంటి మీద ఒక గుర్తు. ఆ రెండూ కదలొద్దు. మిగిలినయన్నీ కొత్త పిల్లలకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

ముందుగల శ్రుతి. పోయినేడు చీమ వేషం కట్టిన పిల్లగాడు 4 శ్రుతిల పాడేటోడు, అప్పటికే గొంతు మారుతుండె. ఇప్పటి చీమ చిన్నపిల్ల. అదే శ్రుతిల పాడిస్తే మంద్ర నిషాదం (కింది స్థాయి 'ని' స్వరం) కాడ గొంతు లోపలికే పోతది, "ఎందుకు" అన్న మాట వినబడనే వినబడదు. చానామంది ఇక్కడ పిల్లను ఇంకా గట్టిగ పాడమంటరు. గట్టిగ పాడితే కింది స్వరం రాదు, గొంతు గీరుకపోతది. శ్రుతి 6కు లేపిండ్రు, మాట విచ్చుకున్నది. 4 నుంచి 6కు పోవుడంటే, నడుమ నల్ల మెట్లు కూడా కలుపుకొని హార్మోనియం మీద నాలుగు మెట్లు. పెన్‌డ్రైవుల ఉన్న పాత ట్రాకును ఫోన్ల నాలుగు మెట్లు పైకి జరిపితే డోలక్ చప్పుడు ఆటబొమ్మ చప్పుడు లెక్క అయితది. ఒక మెట్టు, రెండు మెట్లయితే ఎవ్వరూ పట్టుకోరు. అందుకే ఈ పాటకు ట్రాకు పక్కనబెట్టి హార్మోనియమే వాయించాలె.

"పోయినేడు అన్న పాడినట్టే పాడాల్నా సార్?" అని పిల్ల అడిగింది.

"వరుస అదే ఉండాలె బిడ్డా, గొంతు మాత్రం నీదే పెట్టు."

చీమ ఒక్కొక్కల్ను అడుగుకుంట పోయే గొలుసు పాట లెక్క చూస్తే, ప్రశ్నకు 8 తాళం దెబ్బలు, జవాబుకు 8. ఆరు ప్రశ్నలకు కలిపి 96 దెబ్బలు. నిమిషానికి 96 వేగంల పాట సరిగ్గ ఒక నిమిషం. కొత్త పిల్లలు ఆ వేగంల అక్షరాలు మింగుతున్నరు కాబట్టి 80కి దించిండ్రు, 72 సెకన్లయింది. ఆ పన్నెండు సెకన్లు పెరిగినా నష్టం లేదు, కథంతా ఆ మాటలల్లనే ఉన్నది. కాకపోతే వేగం తగ్గితే ఒక్కో వాక్యం ఐదు సెకన్ల నుంచి ఆరుకు సాగుతది, ఊపిరి చాలదు. నాలుగో దెబ్బ తర్వాత ఊపిరి తీసుకునే జాగ రాసిపెట్టాలె. ఇంకోటి, పాడే పిల్ల ఎగరొద్దు, ఎగిరే పిల్లలు ఆ వాక్యంల పాడొద్దు.

బట్టల పని ఎక్కువ ఏం లేదు. చీమ అంగీ ఛాతీ 30 ఇంచులు, ఈ పిల్లకు 26 చాలు. రెండు పక్కల కుట్టును ఒక్కో ఇంచు లోపలికి జరిపితే ముందూ ఎనకా కలిసి నాలుగు ఇంచులు తగ్గుతది. లోపలి బట్టను కత్తిరించొద్దు, వచ్చే ఏడు మళ్ల ఇప్పవలసి వస్తది. పక్కలు తగ్గించినా భుజం జారుతది, అక్కడ అర ఇంచు మడత ఏరే పెట్టాలె. నడుముకు బంగారు దారం, కాపరికి గొంగడి, ఆవుకు మెడల గంట మాత్రం ఉన్నయి ఉన్నట్టే. పూరా గొంగడి చిన్నపిల్లగానికి బరువు, చెమట పోస్తది, సగం ముక్క భుజాన ఏస్తే సరిపోతది. చీమ మీసాలకు ఒంటి బైండింగ్ వైరు వాలిపోతది, రెండు పోగులు మెలిపెట్టి కొసకు థర్మకోల్ గోలీ గుచ్చాలె.

పుట్ట నాలుగు ఫీట్లు. వెదురు బద్దల మీద గోనె చుట్టి, మైదా గంజితోని పాత పేపర్లు రెండు పొరలు అతికించాలె. మొదటి పొర పూరా ఎండకముందే రెండోది ఏస్తే వంకర పోతది, బూజు వాసన వస్తది. పుట్టంతా బంగారు కాగితం చుట్టొద్దు, లైటు పడితే ముందు వరుసోళ్ల కండ్లల్ల కొడ్తది. ఆవాల పసుపు రంగేసి, అక్కడక్కడ బంగారు గీతలు చాలు. ఆకుపచ్చ చేపల మీద ఎర్ర లైటు వేస్తే నల్లగ కనబడ్తయి, వాటికి తెల్ల లైటే పెట్టాలె.

మైకుల సంగతి: స్పీకర్ డబ్బాలు మైకుల కంటే ముందుకు, జనం దిక్కు ఉండాలె, లేకుంటే కూస్తయి. తలకు తగిలించే మైకు చీమకూ అవ్వకే. మిగిలినోళ్లకు స్టేజీ అంచుకు రెండు మైకులు చాలు.

డప్పు మంచుకు మెత్తబడ్డది. బయట మంట కాడ కాచి, టంగుమనేదాక ఆగి తేవాలె, మంటకు మరీ దగ్గర పెడితే తోలు పగుల్తది. హాలు లోపల మంట పెట్టొద్దు. పిల్ల పాడేటప్పుడు డప్పు ఆపి, చరణాల నడుమనే కొట్టాలె, లేకుంటే 6 శ్రుతి గొంతు కూడా మునిగిపోతది.

పోయినేటి పిల్లలను ఆఖరి పాటల స్టేజీ మీదికి పిలుద్దామని ఒకరిద్దరు తల్లిదండ్రులు అన్నరు. ఒద్దు. వాళ్లు మీదికి రాంగనే చప్పట్లన్నీ అటే పోతయి, చేపను నీళ్లల్ల ఇడిచే ఘట్టం తేలిపోతది. వాళ్లకు పరదా ఎనక పని ఉన్నది: పాత చీమకు ప్రశ్నలన్నీ కంఠతా వచ్చు, మాట మరిచినోళ్లకు పక్క నుంచి అందిస్తడు. పాత అవ్వ మైకు బ్యాటరీలు మారుస్తది, పాత కాపరి తాడు గుంజి పరదా ఎత్తుతడు.