నా ఓటు కళ్ళజోడుకే

"స్మార్ట్‌ఫోన్‌ని మించింది ఏముందిరా" అని ఒకడు, అచ్చుయంత్రం లేకపోతే ఇవేవీ లేవని ఇంకొకడు, మనిషి కనిపెట్టినవాటిలో ఏది గొప్పదని లంచ్‌లో మొదలైన గోల సాయంత్రం దాకా సాగింది. నేను 1947 నాటి ట్రాన్సిస్టర్ (రేడియో కాదు, కరెంటుని అదుపుచేసే బుల్లి స్విచ్) అని గట్టిగానే వాదించా, అది లేకుండా మన ఫోన్లలో చిప్పులు ఎక్కడివి చెప్పండి.

ఇంటికొచ్చేసరికి అమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. సూదిని దూరం జరుపుతోంది, దగ్గరికి తెస్తోంది, దారం కొస తడిచేసి మళ్ళీ ట్రై చేస్తోంది, అవ్వట్లేదు. కళ్ళజోడు తెచ్చిచ్చా. ఒక్కసారికే దూరిపోయింది.

నా బుర్ర అక్కడే ఆగిపోయింది. నలభై దాటాక కంట్లో లెన్స్ గట్టిపడి దగ్గరివి మసకబారతాయి, అది ఎవరికీ తప్పదు. 13వ శతాబ్దం చివర్లో ఇటలీలో రెండు కుంభాకార కటకాలు జోడించి ముక్కు మీద పెట్టేదాకా ఎంతమంది రాతగాళ్ళు, కంసాలులు సరిగ్గా పనితనం పండిన వయసులో పని పక్కన పెట్టేసి కూర్చున్నారో! 1352లో తొమ్మాసో ద మోదెనా వేసిన బొమ్మలో ఒక కార్డినల్ (కేథలిక్ చర్చి పెద్ద) జోడు పెట్టుకుని రాసుకుంటుంటాడు, అచ్చం మా అమ్మలాగే శ్రద్ధగా. గూటెన్‌బర్గ్ అచ్చేసిన బైబిల్ ఇంకో వందేళ్ళకి గానీ రాలేదు, వచ్చాక దాన్ని చదవడానికైనా ఇది కావాలి కదా.

గ్రూప్‌లో పెట్టేశా, ఓటు మార్చుకున్నా అని. అమ్మ ఈలోపు రెండో సూది కూడా ఎక్కించేసింది.