వంటపొయ్యితో సీమ దారుల్లో

కర్నూలు దాటి దక్షిణానికి వెళ్ళేవారిలో చాలామంది 44వ నంబరు జాతీయ రహదారి మీద నేరుగా బెంగళూరు చేరుకుంటారు. మధ్యలో ఏదో ఒక పెద్ద హోటలు దగ్గర ఆగి, ఎక్కడైనా దొరికే తిండే తింటారు. రాయలసీమ రుచి తెలియాలంటే ఆ రహదారి దిగాలి. సంక్రాంతి వెళ్ళాక నేను, నా భార్య, మా అత్త కలిసి అద్దెకు తీసుకున్న క్యాంపర్ వ్యాన్‌లో కర్నూలు నుంచి పత్తికొండ, గుత్తి, అనంతపురం, తాడిపత్రి మీదుగా గండికోటకూ, అక్కడి నుంచి కడపకూ వెళ్ళాం. రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి, 5 కిలోల సిలిండరు, చిన్న ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు ఉన్న బండి అది. పొద్దున ఫలహారం ఊళ్ళో తినాలనీ, సాయంత్రం మా పొయ్యి మీద వండుకోవాలనీ ముందే అనుకున్నాం. కాగే నూనె మూకుడూ పెద్ద పెనమూ కావలసిన వంటలకు వ్యాన్‌లో పూనుకోవడం దండగ. దారిలో కొన్న తాజా కూరగాయ ఒక్క గిన్నెలో ఉడికిపోయేటప్పుడు హోటలుకు వెళ్ళడమూ అంతే దండగ.

కర్నూలులో ఉగ్గాని తినకుండా కదలకూడదు. మేము ఆగిన బండి దగ్గర ఒకాయన బొరుగులను (మరమరాలను) నీళ్ళలో ముంచిన మరుక్షణమే తీసి, రెండు అరచేతుల మధ్య నీళ్ళు పిండేసి, ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), పచ్చిమిర్చి, పసుపు వేగుతున్న తాలింపులో వేస్తున్నాడు. ఎక్కువ నానితే ముద్దవుతాయి, తక్కువ నానితే గొంతుకు అడ్డం పడతాయి. చివర్లో పుట్నాల పప్పు పొడి చల్లి, పక్కన వేడి మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చాడు. బజ్జీ కొరికిన నోటికి ఉగ్గాని చలువ చేస్తుంది కనుక ఆ రెండూ కలిసే తినాలి.

పత్తికొండ టమాటాల వ్యాపారానికి పేరున్న ఊరు. మధ్యాహ్నానికి వ్యాన్ లోపల వేడెక్కుతుంది కాబట్టి, బాగా పండినవి వదిలి దోరకాయలే ఏరుకున్నాం. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827లో పర్యటనలో ఉండగా కలరా సోకి చనిపోయింది ఈ ఊళ్ళోనే. అది తలచుకుంటే నీటి విషయంలో మా అత్త పట్టుదల నాకు సబబుగానే తోచింది: ట్యాంకు నీళ్ళు గిన్నెలు కడగడానికే వాడి, తాగడానికీ వంటకూ మాత్రం ప్లాంటు నీళ్ళ క్యాన్లే తీసుకున్నాం.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఆ కొద్ది వానకు తట్టుకునే చెనిక్కాయ (వేరుశనగ), కొర్ర, జొన్నల మీదే ఇక్కడి వంట నిలబడింది. అక్కడ కొర్రబియ్యం, రాగిపిండి, చెనిక్కాయ విత్తనాలు కొన్నాం. అవన్నీ ఫ్రిజ్‌తో పనిలేకుండా నిలవ ఉండేవే కావడం బండి ప్రయాణానికి ఎంతో అనువు. అయితే చలికాలంలో ఈ వైపు వచ్చేవారు తప్పక కొనవలసింది అనపకాయలు, అంటే సొరకాయలు కాదు, చిక్కుడు జాతి కాయలు. మా అత్త వాటిని ఒలిచి, గింజలను రాత్రి మూతగిన్నెలో నానబెట్టింది. మరునాడు తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి చూసి, ఊరి బయట చింతచెట్టు కింద బండి ఆపుకుని అందరం పితకడానికి కూర్చున్నాం. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ఒత్తితే, తొక్క వేళ్ళలోనే మిగిలిపోయి, నున్నటి లేతాకుపచ్చ పప్పు గిన్నెలోకి జారుతుంది. ఓపికతో చేయవలసిన పని. ఇంట్లో అయితే తీరిక లేదని ఎప్పుడో వాయిదా వేసేవాళ్ళం.

జమ్మలమడుగులో మధ్యాహ్నం ఒక చిన్న మెస్సులో రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్నాం. సంగటి ఉండలు కట్టకుండా ఎలా వస్తుందని మా అత్త అడిగితే, వండిన ఆమె, "పిండి పోసినాక కదిలియ్యొద్దక్కా, నడిమధ్యలో గుంత చేసి మూత పెట్టు; బాగా ఉడికినాకే కెలకాల" అని చెప్పింది.

ఆ సాయంత్రం గండికోట చేరాం. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారే లోయను చూడటానికే అందరూ అక్కడికి వస్తారు. నన్ను మాత్రం కోటలో జామా మసీదుకు దగ్గరగా ఉన్న ధాన్యాగారం ఎక్కువసేపు నిలబెట్టింది. ముట్టడిలో ఉన్న కోటకు తిండిగింజలే ప్రాణమని ఆ మందమైన గోడలను చూస్తే అర్థమవుతుంది. కొండ మీద గాలి ఎక్కువ కనుక, పొయ్యి బయట పెట్టకుండా, గాలి వచ్చే వైపు తలుపు మూసి, రెండోవైపు తలుపు తెరిచి లోపలే వండాం. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. అందుకే బండి అడుగున ఉన్న గాలిరంధ్రాలకు సామాను అడ్డం పెట్టలేదు, పడుకునే ముందు రెగ్యులేటరు కట్టేశాం.

పత్తికొండ టమాటాలు, ఎర్రగడ్డలు, అల్లం, తెల్లగడ్డలు (వెల్లుల్లి) వేయించి, కొబ్బరి, ధనియాల ముద్ద కలిపి, పితికిపప్పు అందులో ఉడికించాం. పప్పు చిదిరిపోకుండా మెత్తబడి, పులుసు చిక్కబడేసరికి వ్యానంతా కమ్మటి వాసన నిండింది. రెండో బర్నరు మీద మెస్సులో ఆమె చెప్పినట్టే సంగటి చేసి, తడిచేత్తో ముద్దలు కట్టాం. మధ్యాహ్నం తిన్న నాటుకోడి పులుసు కన్నా ఈ కూరే నాకు నచ్చింది.

కడపలో పొయ్యి వెలిగించనే లేదు, ఎందుకంటే అక్కడ పొద్దున తినవలసింది కారం దోశ. తెల్లవారింది మొదలు ఎడతెగకుండా దోశలు పోసి పోసి నునుపెక్కిన మందపాటి ఇనుప పెనం మీద తప్ప అది ఆ కరకరతో రాదు. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ నూరిన ఎర్రకారం దోశంతా పూసి, పప్పుల పొడి చల్లి, అంచులు లేచేదాకా కాల్చి ఇచ్చారు. మా అత్త ఇంకాస్త ఎర్రకారం అడిగి డబ్బాలో పెట్టించుకుంది. తిరుగు దారిలో మైదుకూరు దాటాక కొర్రన్నం వండి, వేయించిన చెనిక్కాయలతో ఆ కారాన్నే కలుపుకుని తిన్నాం.