కారు దిగొద్దు!

వెనకాల ఎరుపు, నీలం లైట్లు వెలగ్గానే మనవాడు బండి పక్కకి తీసి, తలుపు తెరుచుకుని దిగుతాడు. ఎస్సైగారు నిలబడి ఉంటే మనం సీట్లో కూర్చోవడమేంటని. ఇక్కడ అమెరికాలో ఆ మర్యాదకి జవాబు ‘గెట్ బ్యాక్ ఇన్ ద కార్’ అన్న కేక, ఒక్కోసారి తుపాకీ మీదకి పోయే చెయ్యి. టెక్సస్‌లో ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు కొత్తగా వచ్చిన పిల్లలు ఆ కేక తిని, ‘నా రంగు చూసే అరిచాడు’ అని రోజుల తరబడి ఉడికిపోతుంటారు.

ఆ కేక రంగు చూసి వేసింది కాకపోవచ్చు. తుపాకీ ఎవరి దగ్గరైనా ఉండే చోట, దిగి తనవైపు నడిచొచ్చే మనిషి ఎవరైనా పోలీసుకి భయమే. సీట్లోనే ఉండి, ఇంజన్ ఆపి, రాత్రయితే లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాలి. అతను వచ్చేలోపు వంగి గ్లోవ్ బాక్సులో కాగితాలు వెతకడం అన్నిటికన్నా చెడ్డది. ‘ఇన్సూరెన్స్ అందులో ఉంది, తీస్తున్నాను’ అని చెప్పాకే చెయ్యి కదపాలి. దిగమంటే మాత్రం దిగాల్సిందే, 1977లో అమెరికా సుప్రీం కోర్టు వాళ్లకి ఆ అధికారం ఇచ్చింది. కారు వెతకడానికి అనుమతి అడిగితే ‘నాకు సమ్మతం లేదు’ అని నెమ్మదిగా చెప్పొచ్చు. అయినా వెతికితే అడ్డం పడకూడదు. టికెట్ మీద సంతకం కోర్టుకి హాజరవుతానన్న మాటే, తప్పు ఒప్పుకున్నట్టు కాదు.

రంగు పని చేసేది అంతకుముందు, ఏ కారు వెంట పడాలో తేల్చుకునే కాసేపట్లో. చిన్నదైనా ట్రాఫిక్ తప్పు కనబడితే చాలు, పోలీసు మనసులో అసలు ఉద్దేశం ఏదైనా బండి ఆపడం చెల్లుతుందని 1996లో అదే సుప్రీం కోర్టు చెప్పింది. వెతికితే తప్పు దొరకని కారు ఎక్కడుంది? నంబర్ ప్లేటు మీద బల్బు పోయి ఉంటుంది, లేన్ మారేటప్పుడు సిగ్నల్ ఆలస్యమై ఉంటుంది. డ్రైవర్ చూపుకి అడ్డొచ్చే వస్తువు ఉండకూడదన్న చట్టం చాలా రాష్ట్రాల్లో ఉంది. కొత్త బండిని నేరుగా గుడికి తీసుకెళ్లి, నిమ్మకాయలు తొక్కించి, అద్దానికి పూసల దండలో బాలాజీని వేలాడదీసేది మనమే కదా. స్వామిని డాష్‌బోర్డు మీదకి దింపితే ఆయనకి వచ్చే లోటేమీ లేదు.

మనకి ఇది జాగ్రత్త, నల్లజాతివాళ్లకి ప్రాణం మీది మాట. 2015 జులైలో టెక్సస్‌లోని వాలర్ కౌంటీలో సాండ్రా బ్లాండ్ అనే నల్లజాతి మహిళని సిగ్నల్ వెయ్యకుండా లేన్ మారిందని ఆపారు. మాటామాటా పెరిగి అరెస్టు చేశారు, మూడు రోజులకి జైలు గదిలో చనిపోయి కనిపించింది. 2017లో ఆమె పేరుతో టెక్సస్ చట్టం చేసింది. మొదటి ముసాయిదాలో ఇలా చిన్న తప్పు సాకుతో బండి ఆపడాన్ని కట్టడి చేసే భాగాలుండేవి. పోలీసు సంఘాలు అడ్డుపడ్డాయి, అవి ఎగిరిపోయాయి. స్టాపుల విషయంలో మిగిలింది ప్రధానంగా లెక్క: డ్రైవర్ జాతి ఏది, ఆపకముందే అది తెలుసా, ఎందుకు ఆపారు, వెతికారా, ఏం దొరికింది. ఏటా మార్చి 1లోపు ప్రతి పోలీసు శాఖా ఆ నివేదిక పంపాలి.

ఆ లెక్కకీ తూట్లున్నాయి. రాష్ట్ర ట్రూపర్లు (హైవే పోలీసులు) హిస్పానిక్ డ్రైవర్లని తెల్లవాళ్లుగా రాస్తున్నారని 2015లో ఆస్టిన్ టీవీ ఛానెల్ ఒకటి బయటపెట్టాకే, డ్రైవర్నే అడిగి రాయమన్నారు. ఊరి జనాభాతో పోల్చినా తేలదు, హైవే మీద తిరిగేది ఆ ఊరివాళ్లే కాదు కదా. అందుకని పరిశోధకులు చీకటిని వాడతారు. సాయంత్రం ఏడింటికి వేసవిలో వెలుగుంటుంది, చలికాలంలో చీకటి. అదే గంటలో, ముఖం కనబడని చీకట్లో, ఆపినవాళ్లలో నల్లవాళ్ల వాటా తగ్గితే వెలుగులో రంగు చూసి ఆపుతున్నట్టే. స్టాన్‌ఫర్డ్ బృందం దాదాపు 10 కోట్ల స్టాపుల రికార్డులు సేకరించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా అదే తేలింది.

‘వాళ్లు తప్పు చేస్తారు కాబట్టి ఆపుతారు’ అనే పెద్దమనుషులు మనలో తక్కువేం కాదు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, కొడుకింటి దగ్గర నడుస్తున్న గుజరాతీ పెద్దాయన్ని పోలీసు నేలకేసి కొడితే పాక్షికంగా పక్షవాతం వచ్చింది. ఫోన్ చేసిన పొరుగాయన చెప్పింది ‘సన్నటి నల్ల మనిషి’ అని. రెండుసార్లు జ్యూరీ తేల్చలేకపోయింది, జడ్జి ఆ పోలీసుని విడుదల చేశారు. 2021లో నగరం 17.5 లక్షల డాలర్లు చెల్లించింది. అమ్మానాన్నల్ని వాకింగ్‌కి పంపేటప్పుడు అడ్రసూ మీ ఫోన్ నంబరూ రాసిన చీటీ జేబులో పెట్టండి.

టెక్సస్‌లో పోలీసు మీద ఫిర్యాదు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాపీ ఆ ఆఫీసరుకీ వెళ్తుంది, చాలామంది వెనక్కి తగ్గేది అక్కడే. వీసా భయం ఉండనే ఉంది. 2025 వసంతంలో పాత టికెట్లకీ, కొట్టేసిన కేసులకీ కూడా విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు రద్దు చేశారు, కోర్టులకెక్కాక తిరిగిచ్చారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ అక్కడ దెబ్బ కొట్టింది పోలీసు రికార్డు, ఫిర్యాదు కాదు.

టెక్సస్‌లో పోలీసు బాడీ కెమెరా వీడియో కనీసం 90 రోజులు ఉంచాలి, ఆ తర్వాత చెరిపెయ్యొచ్చు. మన సుప్రీం కోర్టు 2020లో పోలీస్ స్టేషన్ల సీసీటీవీకి 18 నెలలన్నది, అమలు సంగతి పక్కనబెడితే కాగితం మీద మనమే మేలు! అందుకే వకీలు దొరికేదాకా ఆగకుండా ముందు వీడియో అడగాలి. అడిగే కాగితంలో మూడుండాలి: తేదీతో పాటు సుమారు సమయం, కచ్చితమైన చోటు, వీడియోలో ఉన్న ఒకరి పేరు. మూడోదానికి మీ పేరే చాలు. చోటు మాత్రం టికెట్ మీద పొడి అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అడ్డరోడ్డు పేరు తప్పుంటుంది. బండి కదిలాక, కాస్త ముందు పెట్రోల్ బంకులో ఆగి, ఫోన్ మ్యాపులో పిన్ పెట్టి స్క్రీన్‌షాట్ తీసుకోండి. పోలీసు కారు నంబరూ, బ్యాడ్జి నంబరూ దానికిందే రాసుకోండి.