ఆరు లైట్లూ వెలిగాయి, గేట్లు మాత్రం తెరుచుకోలేదు

మిర్యాలగూడ దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో జరిగిన సంగతి ఇది. అక్కడ డ్రయ్యర్ కింద వడ్లు దించడానికి గాలితో నడిచే గేట్లు ఆరు ఉన్నాయి. ఒక్కో గేటుకు 24 వోల్టుల సోలినాయిడ్ వాల్వ్ ఒకటి. దానిలోని తీగచుట్టకు, అంటే కాయిల్‌కు, కరెంటు అందితే గాలి దారి తెరుచుకుని గేటు కదులుతుంది. వాటికి పీఎల్‌సీ (మెషిన్లను ప్రోగ్రాం ప్రకారం నడిపే చిన్న కంప్యూటర్) ఔట్‌పుట్ మాడ్యూల్ నుంచి సప్లై వెళుతుంది. కొన్నాళ్లుగా ఆటోమేటిక్‌లో పెడితే గేట్లు మొండికేస్తున్నాయి. మాడ్యూల్ ఔట్‌పుట్ దగ్గర 18 వోల్టులే వస్తున్నాయి కాబట్టి మాడ్యూల్ పోయిందని తేల్చేశారు. నేను వెళ్లేసరికి కొత్తదానికి ఆర్డర్ పెట్టబోతున్నారు. సీజన్ మధ్యలో మిల్లు ఆగితే ఓనర్‌కు ఎంత టెన్షనో నాకు తెలుసు. అయినా, "ఒక్క పూట ఆగండి సార్, చూసి చెబుతాను" అన్నాను.

ముందు ఆపరేటర్‌ను పక్కకు తీసుకెళ్లి, ఎప్పుడెప్పుడు ఇలా అవుతోందని అడిగాను. "చేత్తో ఒక్కో గేటూ తీస్తే టక్కున తెరుచుకుంటుందన్నా. ఆటోలో అన్నీ ఒకేసారి తీయాలి కదా, అప్పుడే ఈ గోల" అన్నాడు. సగం పని ఆ మాటతోనే అయిపోయింది. పైపు ఎక్కడో నొక్కుకుపోతే ఒక్క కుళాయి తిప్పినప్పుడు నీళ్లు బాగానే వస్తాయి, అన్నీ తిప్పితేనే ధార సన్నబడుతుంది. ఇదీ అలాగే ఉంది.

మాడ్యూల్ మీద ఆరు లైట్లూ చక్కగా వెలుగుతున్నాయి. చాలా మాడ్యూళ్లలో ఆ లైటుకు అర్థం, ప్రోగ్రాం ఆ ఔట్‌పుట్‌ను ఆన్ చేసిందని మాత్రమే. కాయిల్ దాకా ఎన్ని వోల్టులు చేరాయో దాన్ని చూసి చెప్పలేం. ఇంకో విషయం ఏమిటంటే, ఒక్కో ఔట్‌పుట్‌ను ఆన్ చేసే లోపలి ట్రాన్సిస్టర్ పోతే సాధారణంగా ఆ ఒక్క ఔట్‌పుట్‌కే దెబ్బ. ఇక్కడ ఆరింటిలోనూ వోల్టేజ్ ఒకేలా పడిపోతోంది. అంటే ఆరింటికీ ఉమ్మడిగా ఉన్న చోటే చూడాలి. మాడ్యూల్‌కు బయటి నుంచి వచ్చే 24 వోల్టుల లైనే ఆ చోటు.

ఆరు గేట్లనూ ఆన్‌లో ఉంచి మల్టీమీటర్ తీశాను. లోడ్ లేకుండా, అంటే కాయిళ్లకు కరెంటు పారకుండా కొలిస్తే ఈ ఫాల్ట్ ఎప్పటికీ దొరకదు. కాయిళ్ల వైర్లన్నీ ఊడదీసి చూస్తే 24 వోల్టులూ కనిపిస్తాయి, అంతా బాగుందనిపిస్తుంది. బ్లాక్ ప్రోబ్‌ను ఎస్ఎంపీఎస్ (24 వోల్టులు ఇచ్చే పవర్ సప్లై) మైనస్ దగ్గరే ఉంచి, రెడ్ ప్రోబ్‌ను ఒక్కో పాయింటు మీద పెట్టుకుంటూ వెళ్లాను. ఎస్ఎంపీఎస్ ప్లస్ దగ్గర 24. మాడ్యూల్ సప్లై టెర్మినల్ దగ్గర 18 చిల్లర. మాడ్యూల్ లోపల పోతున్నది అర వోల్టు కూడా లేదు. తిరిగొచ్చే మైనస్ వైరులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి మాడ్యూల్ తప్పేమీ లేదు, దానికి అందుతున్నదే తక్కువ. ఇలాంటి మాడ్యూళ్లకు సప్లై మామూలుగా 20.4 నుంచి 28.8 వోల్టుల మధ్య ఉండాలి. చాలా వాల్వ్ కాయిళ్లకు పది శాతం వరకే సడలింపు, అంటే 21.6కు తగ్గకూడదు.

మధ్యలో ఉన్నది ఒక ఫ్యూజ్ టెర్మినల్, అంటే ఫ్యూజ్‌ను పట్టుకుని వైర్లను కలిపే చిన్న ప్లాస్టిక్ ముక్క. దానికి అటూ ఇటూ ప్రోబ్‌లు పెడితే మీటర్ దాదాపు 6 వోల్టులు చూపించింది. బాగున్న ఫ్యూజ్ మీద అంత రాకూడదు. లెక్క వేసి చూశాను. ఒక్కో కాయిల్ 4.8 వాట్లు, అంటే 120 ఓమ్‌లు. ఆరూ కలిస్తే 20 ఓమ్‌లు. 18 వోల్టుల దగ్గర 0.9 ఆంపియర్లు. ఆ కరెంటుకు 6 వోల్టులు పోతున్నాయంటే అక్కడ ఆరేడు ఓమ్‌ల అడ్డు ఉన్నట్టు. ఐదు వాట్లకు పైగా వేడి ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కలోనే పుడుతోంది. పవర్ ఆపి తీసి చూస్తే ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. ఫ్యూజ్ కాలలేదు. దాన్ని పట్టుకునే క్లిప్ బిగువు పోయి, పచ్చటి తుప్పు పట్టింది. ఒక్క గేటు తీసినప్పుడు ఇదే అడ్డు ఒకటింపావు వోల్టే తినేది, అందుకే అప్పుడు తెరుచుకునేది.

ఈ ఫ్యూజ్‌ను అంతకుముందే మల్టీమీటర్ బజర్‌తో చెక్ చేశారట, బీప్ వచ్చిందట. వస్తుంది మరి. చాలా మీటర్లలో 30 ఓమ్‌ల లోపు దేనికైనా బజర్ మోగుతుంది. ఆరేడు ఓమ్‌లు దానికి లెక్కే కాదు. వైరు తెగిందా లేదా అని చూడటానికి బజర్ చాలు. జాయింట్ బాగుందా అంటే మాత్రం, కరెంటు పారుతుండగా దాని మీద ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవాల్సిందే. అదే ప్యానెల్‌లో మోటార్ల 415 వోల్టులు కూడా ఉంటాయి కాబట్టి ఈ కొలతలు చేయి తిరిగినవాళ్లే తీయాలి.

కొత్త ఫ్యూజ్ టెర్మినల్ వేసి, వైర్ల కొసలు కత్తిరించి పిన్ లగ్గులు (చిన్న లోహపు తొడుగులు) నొక్కి క్రింప్ చేసి బిగించాను. ఆరు గేట్లూ ఒకేసారి తీస్తే కాయిళ్ల దగ్గర 23 వోల్టులకు పైనే వచ్చింది. మాడ్యూల్ ఆర్డర్ ఆపేశారు. ప్యానెల్ అడుగున కేబుల్ గ్లాండ్లు (వైరు చుట్టూ సందు మూసే బిగింపులు) లేని రంధ్రాలు మూడు నాలుగు కనిపించాయి. ఆవిరి, ఊక దుమ్ము లోపలికి వచ్చేది వాటిలోంచే. వాటిని మూయించి, పక్క ఫ్యూజ్ టెర్మినళ్లను కూడా లోడ్ మీద ఇలాగే కొలవమని అక్కడి ఎలక్ట్రీషియన్‌కు చూపించి వచ్చాను.